గ్రీకు, రోమన్ ప్రసంగాలు: ఎవరిది వినాలి, ఏది ముందు వినాలి

గ్రీకు, రోమన్ నాగరికతల మీద పేరున్న ప్రొఫెసర్ల పాఠాలు ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. చిక్కల్లా ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. చాలామంది యూనివర్సిటీ పేరు చూసి మొదలుపెడతారు, మూడో పాఠం దగ్గర ఆపేస్తారు. పాఠంలో లోపమేమీ ఉండదు. తమకు కావాల్సింది ఒకటి, అక్కడ చెబుతున్నది ఇంకొకటి. సోక్రటీస్ కోసం వచ్చినవాడిని కూర్చోబెట్టి డాలు ఎలా పట్టుకోవాలో గంటసేపు చెబితే ఎంతసేపని వింటాడు?

ఏ ప్రసంగమైనా నేను ముందు చూసేది ఒకటే. మాట్లాడే మనిషి "ఇలా జరిగింది" అని వదిలేస్తున్నారా, "ఇది మనకు ఎలా తెలిసిందంటే" అని కూడా చెబుతున్నారా? ఆ ప్రపంచం నుంచి మనకు మిగిలినవి నకళ్ల మీద నకళ్లుగా వచ్చిన గ్రంథాలు, శాసనాలు, నాణేలు, కుండపెంకులు, ఈజిప్టు ఇసుకలో చెడిపోకుండా ఉన్న పపైరస్ (జమ్ము కాడలతో చేసిన కాగితం) ముక్కలు. అంతే. మిగతాదంతా వాటి నుంచి పండితులు లాగిన ఊహ. ఆ లాగడం ఎలా జరిగిందో చూపించనివాళ్లు కథకులుగా బాగుండొచ్చు, విద్వత్ ప్రసంగం అనిపించుకోదు.

కథ మొదటి నుంచి కావాలనుకుంటే

గ్రీకు చరిత్ర వరసగా వినాలంటే యేల్ యూనివర్సిటీలో డొనాల్డ్ కాగన్ చెప్పిన కోర్సుకు మించినది ఉచితంగా దొరకడం కష్టం. 2007లో తరగతి గదిలోనే రికార్డు చేశారు. 24 పాఠాలు, ఒక్కోటి గంట దాటుతుంది. ప్రతి పాఠానికీ మాట పోకుండా రాతప్రతి ఉంది. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిషు వినడం కాస్త కష్టమయ్యేవాళ్లకు ఇది పెద్ద వరం. పేరు చెవినపడ్డా స్పెల్లింగు తెలియక వెతుక్కోలేకపోయే బాధ ఉండదు. కాగన్ బ్రూక్లిన్‌లో పెరిగిన మనిషి, మాటలో ఆ వాడి, మధ్యమధ్య విసుర్లు. 2021లో పోయారు గానీ వీడియోలో ఇప్పటికీ క్లాసు నడిపిస్తూనే ఉంటారు.

ఆయన బలం ఎక్కడుందో చూడాలంటే హాప్లైట్ల దగ్గరికి వెళ్లాలి. గ్రీకు పదాతి సైనికుడి గుండ్రటి డాలు ఇంచుమించు మూడడుగుల వ్యాసం. ఎడమ ముంజేయి నడిమధ్యనున్న పట్టీలోంచి దూరి, వేళ్లు అంచు దగ్గరున్న పిడిని పట్టుకుంటాయి. అలా పట్టుకుంటే డాలులో సగం ఎడమవైపు బయటికి పొడుచుకొచ్చి పక్కవాడిని కాస్తుంది. మనిషి కుడిపక్క మాత్రం బోడిగా మిగిలిపోతుంది. అందుకే వరసలోని ప్రతివాడూ కుడివైపున్న వాడి డాలు చాటుకు జరుగుతాడు, మొత్తం సైన్యమే నడుస్తూ నడుస్తూ కుడికి ఒరుగుతుంది. క్రీ.పూ. 418 నాటి మాంటినియా యుద్ధాన్ని వర్ణిస్తూ ఆనాటి గ్రీకు చరిత్రకారుడు థ్యూసిడిడీస్ రాసిన సంగతే ఇది. సొంత డబ్బుతో ఆ డాలు కొనుక్కోగల మధ్యతరగతి రైతు, పక్కవాడి భుజానికి భుజం ఆనించి నిలబడ్డ రైతు, రేపు ఊరి వ్యవహారాల్లో నాకూ మాట ఉండాలంటాడు. నగర రాజ్యం పుట్టుకను ఇక్కడి నుంచి చెప్పుకొస్తారు.

వినడానికి అద్భుతంగా ఉంటుంది. అయితే ఈ చిత్రాన్ని ఒప్పుకోని పండితులు గట్టివాళ్లే ఉన్నారు. హాన్స్ వాన్ వీస్, పీటర్ క్రెంట్జ్ వంటివాళ్లు ఆ బిగువైన వరస అంత పాతది కాదనీ, పోరు ఇంకా వదులుగా, చెదురుమదురుగా సాగేదనీ వాదిస్తారు. కాగన్ నిలబడింది మొదటి పక్షాన. రెండో పక్షాన్ని పూర్తిగా వినాలంటే వేరే చోటికి వెళ్లాల్సిందే. ఒక్క గొంతులో కథ వినడంలో ఉన్న సుఖమూ నష్టమూ రెండూ ఇవే.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. అలెగ్జాండర్ కోసం ఈ కోర్సు మొదలుపెట్టకండి. మకెదోనియా రాజు ఫిలిప్ ఎదుట నగర రాజ్యాలు ఓడిపోవడంతో కథ ముగుస్తుంది, కొడుకు దండయాత్ర మొదలవక ముందే. పురుషోత్తముడూ ఏనుగులూ ఇందులో రావు.

రోమన్ రాజకీయ చరిత్రకు ఇలాంటి ఉచిత కోర్సు ఏదీ అని అడిగితే నా దగ్గర సంతృప్తికరమైన జవాబు లేదు. యేల్ వాళ్లదే పాల్ ఫ్రీడ్‌మన్ కోర్సు ఉంది, చాలా బాగుంటుంది, కానీ క్రీ.శ. 284లో డయొక్లీషియన్ చక్రవర్తితో మొదలవుతుంది. అంటే సీజర్, సిసెరో, ఆగస్టస్ అందరూ వెళ్లిపోయాక. మైక్ డంకన్ 2007 నుంచి 2012 దాకా నడిపిన రోమ్ పాడ్‌కాస్ట్ ఆ ఖాళీని నింపుతుంది. అయితే ఆయన ప్రొఫెసర్ కాదు, ప్రాచీన రచయితలు చెప్పింది చక్కగా వరసలో పెట్టి చెప్పే మనిషి. సంఘటనల వరస బుర్రకెక్కించుకోవడానికి అది చాలు. డబ్బు పెట్టగలిగితే గ్రేట్ కోర్సెస్‌లో గారెట్ ఫేగన్ చెప్పిన 48 పాఠాలున్నాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు కొనేముందు ఊళ్లోని పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసి చూసుకోండి. హూప్లా, కానపీ యాప్‌ల ద్వారా చాలా లైబ్రరీలు ఈ కోర్సులను ఉచితంగానే ఇస్తాయి.

కథకన్నా తగవు ఇష్టమైతే

బీబీసీ రేడియో 4లో "ఇన్ అవర్ టైమ్" 1998లో మొదలైంది. మెల్విన్ బ్రాగ్ 2025 దాకా నడిపించారు. ఒక విషయం, ముగ్గురు ప్రొఫెసర్లు, ముప్పావు గంట. గ్రీకు, రోమన్ విషయాల మీదే ఎన్నో ఎపిసోడ్లున్నాయి. ఒకరు "ప్లూటార్క్ ఇలా రాశాడు" అనగానే ఇంకొకరు "రాశాడు గానీ, ఆయన పుట్టింది అది జరిగిన నాలుగైదు వందల ఏళ్లకు" అని అడ్డుపడటం ఇక్కడ మామూలే. ఆధారాన్ని ఎలా తూకం వేస్తారో చెవులతో వినొచ్చు.

కాగన్‌తో పోల్చి చెప్పాలంటే, కాగన్ దగ్గర దారి కనబడుతుంది, దారి పక్క గోతులు కనబడవు. ఇక్కడ గోతులన్నీ చూపిస్తారు, మీరెక్కడున్నారో మాత్రం చెప్పరు. ఏమీ తెలియకుండా నేరుగా ఇక్కడికొస్తే పేర్ల వానలో తడిసి ముద్దవుతారు. పైగా వేగంగా మాట్లాడే మూడు నాలుగు బ్రిటిష్ గొంతులు, బొమ్మలుండవు. బస్సులోనో, వంట చేస్తూనో విందామనుకునేవాళ్లకు సమయం సరిగ్గా సరిపోతుంది గానీ సగం మనసు పెట్టి వినే సరుకు కాదిది. నా సలహా: ఏథెన్స్, స్పార్టాల మధ్య జరిగిన పెలొపనేసియన్ యుద్ధం గురించి కాగన్ పాఠాలు విన్నాక థ్యూసిడిడీస్ మీద వీళ్ల ఎపిసోడ్ వినండి. అప్పుడు తగవు ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

సివిల్స్‌కు చదివేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది, వీటిలో పరీక్షకు ఏది పనికొస్తుందని. ప్రపంచ చరిత్ర సిలబస్ 18వ శతాబ్దంతో మొదలవుతుంది కాబట్టి గ్రీసు, రోమ్ అక్కడ రావు. నైతికత పేపర్లో మాత్రం ప్రపంచ తత్త్వవేత్తలు ఉన్నారు. దానికి పీటర్ ఆడమ్సన్ 2010లో మొదలుపెట్టిన తత్త్వశాస్త్ర చరిత్ర పాడ్‌కాస్ట్ చూసుకోండి. థేలీస్ దగ్గర మొదలై ఒక్కర్నీ వదలకుండా సాగుతుంది, ఒక్కో భాగం ఇరవై నిమిషాల చిల్లర. భారతీయ తత్త్వం మీద జొనార్డన్ గనేరితో కలిసి విడిగా ఒక వరస చేశారు కూడా. ప్లేటో, అరిస్టాటిల్ భాగాలు విని మిగతాది ర్యాంకు వచ్చాక వినొచ్చు.

కళ్లకు పని చెప్పేవి

మన ఇళ్లలో ఇంజినీరింగ్ చదివినవాళ్లకు కొదవ లేదు. వాళ్లకు నేను డయానా క్లైనర్ రోమన్ వాస్తు కోర్సే చెబుతాను. ఇదీ యేల్‌దే, 2009లో రికార్డు చేశారు. రాజుల వంశావళి కంఠతా పట్టనక్కర్లేదు. గోడ, కమాను, గుమ్మటం, వీటి వెంటే రోమన్ చరిత్ర నడుస్తుంది.

రోమ్‌లోని పాంథియాన్ గురించి ఆమె పాఠం ఒక్కటి చూసినా సరే. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 125 ప్రాంతంలో పూర్తయిన గుడి. లోపల గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు. నేల నుంచి నడినెత్తిన ఉన్న రంధ్రం దాకా ఎత్తు కూడా అంతే. ఇనుప చువ్వ ఒక్కటి లేకుండా పోసిన కాంక్రీటు గుమ్మటాల్లో ఇప్పటికీ ప్రపంచంలో అదే పెద్దది. ఎలా నిలబడిందంటే, కింద బరువైన రాళ్లు కలిపిన కాంక్రీటు, పైకి పోయేకొద్దీ తేలికైనది, చిట్టచివర నీళ్లలో తేలే అగ్నిపర్వతపు రాయి ప్యూమిస్. గుమ్మటం మందం కూడా మొదట్లో ఆరు మీటర్ల దాకా ఉండి, రంధ్రం దగ్గరికొచ్చేసరికి మీటరు పైచిలుకుకు తగ్గిపోతుంది. సైటు మీద స్లాబు పోయించిన మనిషి ఎవరైనా ఇది విని రెండోసారి వెనక్కి తిప్పి వింటాడు.

ఈ కోర్సును ఆడియోగా వింటే మాత్రం దండగ. "ఇక్కడ చూడండి" అని ఆమె చూపించేది చూడకపోతే ఏమీ మిగలదు. ఫోను తెర కూడా చాలదు, టీవీకో ల్యాప్‌టాప్‌కో పెట్టుకోండి.

కావ్యాలూ నాటకాలూ కావాల్సినవాళ్లకు

హార్వర్డ్‌లో గ్రెగరీ నాగీ దశాబ్దాల పాటు చెప్పిన గ్రీకు వీరుడి కోర్సు 2013లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటు మీదకి వచ్చింది. 24 "గంటలు"గా విభజించారు. ఇలియడ్, ఒడిస్సీ, తర్వాత విషాద నాటకాలు, చివర్లో ప్లేటో. పద్ధతి చాలా నెమ్మది. పది పంక్తులు తీసుకుని వాటి చుట్టూ తిరుగుతారు. కథ తెలుసుకుందామని వచ్చినవాళ్లకు ఓపిక నశిస్తుంది. ఇలియడ్ కథ ముందే తెలిసినవాళ్లకైతే ఇంతకన్నా రుచిగా ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. నాగీ వాదన రెండు కాళ్ల మీద నిలబడుతుంది. ఒకటి, హోమర్ కావ్యాలు రాసినవి కావు, పాడుతూ పాడుతూ కూడినవి. రెండోది, ఇలియడ్ నాయకుడు అకిలీస్ వంటి వీరుడు కావ్యంలోనే ఉండడు, సమాధి దగ్గర నైవేద్యం అందుకునే దేవుడు కూడా. పాశ్చాత్య విద్యార్థికి ఈ రెండో మాట ఒంటబట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. కారంపూడిలో ఏటా పల్నాటి వీరుల ఆరాధన చూసినవాళ్లకు, వీరవిద్యావంతులు ఆ కథ పాడుతుంటే విన్నవాళ్లకు, వీరుల ఆయుధాలను కొణతాలని పూజించడం ఎరిగినవాళ్లకు ఒక్క పాఠం చాలు. పల్నాటికీ గ్రీసుకూ సంబంధం ఉందని నేననడం లేదు. అలాంటి లోకంలో కావ్యం ఏం పని చేస్తుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదంటున్నాను, అంతే.

పురాణగాథలు మాత్రమే కావాలంటే కోర్సెరాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పీటర్ స్ట్రక్ కోర్సు తేలిక. దాని గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు, సరదాగా సాగిపోతుంది.

గంటసేపు ప్రసంగాలు

కోర్సులన్నీ పాతిక ముప్ఫై గంటల పెట్టుబడి. అంత తీరిక లేదనుకుంటే లండన్‌లో గ్రెషం కాలేజీ ఉంది. 1597 నుంచీ ఉన్న సంస్థ, విద్యార్థులుండరు, డిగ్రీలివ్వరు. ఎవరైనా వచ్చి వినే ఉచిత ఉపన్యాసాలే దాని పని. ఇప్పుడు రికార్డింగులూ రాతప్రతులూ కూడా పెడుతున్నారు. ఈడిత్ హాల్ అక్కడ ఇచ్చిన గ్రీకు ప్రసంగాలతో మొదలుపెట్టండి. గ్రీకు, లాటిన్ చదువు దొరల సొత్తు అన్న అభిప్రాయాన్ని ఆమె తన పరిశోధనలో గట్టిగా ప్రశ్నించారు. గని కార్మికులూ చెప్పులు కుట్టేవాళ్లూ కూడా ఈ గ్రంథాలు చదివారని చూపిస్తారు.

గ్రీకు, రోమన్ వారసత్వం మీద ప్రసంగాల్లో మనకు దగ్గరగా తగిలేది ఫిరోజ్ వసూనియా పని చేసిన రంగం, వలస పాలనలో గ్రీకు, లాటిన్ల పాత్ర. 1855లో మొదలైన ఐసీఎస్ పోటీ పరీక్షలో సంస్కృతానికీ అరబీకీ ఒక్కోదానికి ఉన్న మార్కులకు రెట్టింపు గ్రీకుకూ లాటిన్‌కూ ఉండేవి. ఆ తర్వాతి కాలంలో గోదావరి, కృష్ణా జిల్లాలకు కలెక్టర్లుగా వచ్చినవాళ్లలో చాలామంది ఆ పరీక్ష గట్టెక్కినవాళ్లే. వాళ్ల చదువు ఎటు వాలుతుందో ఆ మార్కుల పట్టికే చెబుతుంది.

బెర్క్‌లీలో సేథర్ ఉపన్యాసాలని ఒక వరస ఉంది. ఈ రంగంలో అంతకన్నా పెద్ద గౌరవం తక్కువే. ఈ.ఆర్. డాడ్స్, మేరీ బియర్డ్ లాంటివాళ్లు అక్కడ మాట్లాడారు. ఒకే ప్రశ్న మీద కొన్ని ఉపన్యాసాలు, తర్వాత అవే పుస్తకంగా వస్తాయి. కొత్తవాళ్లు వీటి జోలికి పోకండి. ఆ రంగం ఇప్పటికే తెలుసన్న నమ్మకంతో మాట్లాడతారు.

మ్యూజియం ప్రసంగాలు మంచివే, కాకపోతే ఇంటి యజమాని ఎవరో చూసుకోవాలి. బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ప్రభువు ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి శిల్పాలు ఊడదీయించాడు, 1816లో బ్రిటిష్ ప్రభుత్వం కొనుక్కుంది. ఆ శిల్పాల మీద బ్రిటిష్ మ్యూజియంలో ఒక ప్రసంగమూ, 2009లో తెరిచిన ఏథెన్స్ ఆక్రొపోలిస్ మ్యూజియం తరఫున ఒక ప్రసంగమూ వినండి. రాళ్లు అవే. ఒకరు ప్రపంచమంతా ఒకేచోట చూడగలగడం గురించి మాట్లాడతారు, ఇంకొకరు తమ గాజు హాల్లో ఖాళీగా ఉన్న చోటు చూపిస్తారు. ఒక్కటే వింటే మోసపోతారు. లాస్ ఏంజెలెస్ దగ్గర ఉన్నవాళ్లకు గెట్టీ విల్లా ప్రసంగాలు అందుబాటులో ఉంటాయి. ఆ భవనాన్నే ఇటలీలోని హెర్క్యులేనియంలో అగ్నిపర్వతపు బూడిద కింద కప్పబడిపోయిన ఒక రోమన్ విల్లా నమూనాలో కట్టారు.

ఎప్పుడు రికార్డు చేశారు?

రెండువేల ఏళ్ల నాటి సంగతులు, పదేళ్లలో ఏం మారుతుందిలే అనుకుంటాం. చాలా మారుతుంది. పాంపేయి, హెర్క్యులేనియం ఊళ్లను కప్పేసిన వెసూవియస్ అగ్నిపర్వతం క్రీ.శ. 79 ఆగస్టు 24న పేలిందని పాత పాఠాలన్నీ చెబుతాయి. 2018లో పాంపేయిలో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో గీకిన రాత బయటపడింది, అందులో అక్టోబరు 17కు సరిపోయే తేదీ ఉంది. దాంతో పేలుడు అక్టోబరులో జరిగిందన్న వాదానికి బలం వచ్చింది. ఇప్పుడు "ఆగస్టు" అని తడుముకోకుండా చెప్పే ప్రసంగం దొరికితే రికార్డు సంవత్సరం చూడండి.

ఇందాక చెప్పిన కాంక్రీటు సంగతీ అంతే. పాత రోమన్ కాంక్రీటులో కనబడే తెల్ల సున్నపు ఉండలు సరిగ్గా కలపక మిగిలినవని చాలాకాలం అనుకున్నారు. పొడి సున్నాన్ని వేడివేడిగా కలపడం వల్ల వచ్చినవని, పగులు పడి నీరు దిగినప్పుడు ఆ ఉండలే కరిగి పగులు పూడుస్తాయని 2023లో ఎంఐటీ బృందం చూపించింది. క్లైనర్ పాఠం 2009ది. ఆమెను తప్పుపట్టలేం, కానీ ఆ ఒక్క విషయానికి కొత్త ప్రసంగం వెతుక్కోవాలి.

ఇక హెర్క్యులేనియంలో మాడి బొగ్గయిపోయిన పపైరస్ చుట్టలు. విప్పితే పొడి అయిపోతాయి. వాటిని విప్పకుండా స్కాన్ చేసి కంప్యూటరుతో చదవడం మీద కెంటకీ యూనివర్సిటీ బ్రెంట్ సీల్స్ ఏళ్లుగా పని చేశారు. 2024 ఫిబ్రవరిలో ముగ్గురు యువకులు ఒక చుట్టలో రెండువేలకు పైగా అక్షరాలు చదివి బహుమతి గెలుచుకున్నారు. అందులో ఉన్నది సుఖం అంటే ఏమిటన్న చర్చ. దీని గురించి 2023కు ముందు ప్రసంగం వినడం వృథా. సీల్స్ మాట్లాడిన కొత్త వీడియోలు వెతకండి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు రోమన్లతో పరిచయం మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి గుమ్మం లేదు.

మన తీరం గురించి వినేటప్పుడు

ఇండో-రోమన్ వాణిజ్యం మీద ప్రసంగాలు ఈమధ్య బాగా పెరిగాయి. ఇక్కడే ఎంపికలో ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే గర్వం మధ్యలో దూరుతుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడును 1945లో తవ్విన మార్టిమర్ వీలర్ దాన్ని రోమన్ వర్తక స్థావరమన్నారు. 1989లో మళ్లీ తవ్విన విమలా బెగ్లీ ఆ ఊరు రోమన్ సరుకు రాకముందే ఉందని, మొదటి నుంచీ ఇక్కడివాళ్లదేనని తేల్చారు. వీలర్ దగ్గరే ఆగిపోయే ప్రసంగం వద్దు. ఈజిప్టులోని ఎర్రసముద్రపు రేవు బెరెనికేలో ఏళ్ల తరబడి తవ్విన స్టీవెన్ సైడ్‌బోథం ప్రసంగాలు మేలు. గొప్పలు తక్కువ, మిరియాలూ తాళ్లూ పూసలూ ఎక్కువ.

తెలుగు నేల మీద చెప్పుకోవాల్సినవి గట్టివే ఉన్నాయి. ఎర్రసముద్రం నుంచి సరుకుల దారి చెప్పిన, పేరు తెలియని గ్రీకు నావికుడు (పెరిప్లస్ గ్రంథకర్త) మసాలియాలో నూలు బట్ట విస్తారంగా తయారవుతుందని రాశాడు, అది మచిలీపట్నం వైపు తీరం. గ్రీకు భూగోళవేత్త టాలమీ పేర్కొన్న కంటకోస్సిల రేవు ఘంటసాలేనని పండితులు గుర్తించారు. పెద్దబంకూరులో రోమన్ నాణేలు, కొండాపూర్‌లో రోమన్ నాణేల అచ్చు దింపిన మట్టిబిళ్లలు దొరికాయి.

ప్రసంగం నాణ్యత తేల్చడానికి నేను వాడే గీటురాయి నాగార్జునకొండ ప్రేక్షకశాల. ఇక్ష్వాకుల నాటిది, నాలుగు వైపులా మెట్లు, మధ్యలో దీర్ఘచతురస్రపు బరి. ఊరు సాగర్ నీళ్లలో మునుగుతుంటే దాన్ని అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టారు. మాట్లాడేవాళ్లు దాన్ని చూపించి "రోమన్ యాంఫీథియేటర్" అని స్లైడు మార్చేస్తే ఆ వీడియో అక్కడే ఆపేయండి. అది గుండ్రంగా లేదనీ, పోలిక ఉన్నంత మాత్రాన రోమన్లు కట్టినట్టు కాదనీ, అక్కడ దొరికిన రోమన్ బంగారు నాణేలు ఒక సంగతి చెబితే ఆ మెట్లు ఇంకో సంగతి చెబుతాయనీ రెండు నిమిషాలు ఆగి వివరిస్తే, వాళ్ల మిగతా ప్రసంగాలన్నీ వరసగా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.